కరెంటు బిల్లు వెనక చరిత్ర

మన కవులు దీపం మీద రాసినంతగా బహుశా చంద్రుడి మీద కూడా రాసి ఉండరు. కాని ఆ దీపానికి నెలనెలా కట్టే బిల్లు మీద మన సాహిత్యంలో వచ్చింది బహు తక్కువ. బిల్లు కవితావస్తువు కాదని కొందరు మిత్రులు అనవచ్చు. శిస్తు పాటకు పనికివచ్చినప్పుడు, వడ్డీ కథకు పనికివచ్చినప్పుడు, విద్యుత్ చార్జీ ఎందుకు పనికిరాదో నాకు బోధపడదు. శిస్తు వెనక జమీందారు, వడ్డీ వెనక షావుకారు ఉన్నట్టే యూనిటు ధర వెనక కొన్ని వర్గాలు ఉన్నాయి. కొన్ని చట్టాలు, కొన్ని ఒప్పందాలు ఉన్నాయి. ఒకచోట నెత్తురు కూడా ఉన్నది.

నేను ఇంజనీరును కాను, లెక్కల పంతులును. నల్లగొండ జిల్లాలోని ఒక మెట్ట ఊళ్లో పుట్టాను. మా ఊరికి కరెంటు వచ్చిననాడు నేను హైస్కూల్లో ఉన్నాను. మొదటి బల్బు ఎవరింట్లో వెలిగిందో నాకిప్పుడు గుర్తులేదు గాని, మొదటి మోటారు ఎవరి బావి మీద బిగించారో మాత్రం స్పష్టంగా గుర్తుంది. ఎందుకంటే ఆ వేసవిలో మా పొలం పక్కన మోట తోలే ఎడ్ల మెడలోని గంటల చప్పుడు ఆగిపోయింది. మా నాయన ఆ సంగతి చాలాసార్లు చెప్పుకునేవాడు. ఆయనకు మోటారు రావడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలో పక్క బావి లోతయింది, మా బావి ఎండింది. కరెంటు అందరికీ ఒకేసారి రాదని, ముందు వచ్చినవాడు వెనక వచ్చేవాడి నీళ్లు కూడా తోడుకుంటాడని నేను నేర్చుకున్న మొదటి ఆర్థికశాస్త్ర పాఠం అదే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ మోటారు దగ్గర నుంచి బషీర్‌బాగ్ చౌరస్తా దాకా, అక్కడి నుంచి ఇప్పటి కరెంటు బజారు దాకా నడిచిన చరిత్ర. కాని ముందుగా ఒక అమెరికన్ వ్యాపారి కథ చెప్పక తప్పదు.

"విద్యుత్ నియంత్రణ కమిషన్" అనగానే ప్రజల తరఫున కంపెనీలను అదుపులో పెట్టడానికి పుట్టిన సంస్థ అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక చూస్తే విషయం కొంచెం వేరుగా ఉంటుంది. చికాగోలో శామ్యూల్ ఇన్సల్ అనే ఆయన ఉండేవాడు. ఎడిసన్ దగ్గర కార్యదర్శిగా పనిచేసి, తరువాత చికాగో విద్యుత్ కంపెనీకి అధిపతి అయ్యాడు. 1898లో అమెరికన్ విద్యుత్ కంపెనీల సంఘానికి అధ్యక్షుడిగా ఉంటూ, మమ్మల్ని ప్రభుత్వమే నియంత్రించాలి అని ఆయనే ప్రతిపాదించాడు. వ్యాపారి తనకు తానే కళ్లెం అడగడమేమిటని ఆనాటి తోటి వ్యాపారులు కూడా ఆశ్చర్యపోయారు. ఇన్సల్ లెక్క సూటిగానే ఉంది. ఒకే వీధిలో రెండు కంపెనీలు తీగలు లాగితే ఇద్దరూ మునుగుతారు. పోటీ లేకుండా ఊరంతా ఒక్కడికే రాసిస్తే, దానికి బదులుగా ధరను ప్రభుత్వ సంఘం నిర్ణయిస్తే, లాభం నికరంగా ఉంటుంది. లాభం నికరంగా ఉంటే అప్పు చౌకగా పుడుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, మునిసిపాలిటీలు కరెంటు కంపెనీలను తామే నడుపుతామనే ఉద్యమం ఆనాడు బలంగా ఉన్నది; దానికి అడ్డుకట్ట పడుతుంది. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో అటువంటి కమిషన్లు ఏర్పడ్డాయి. క్రమంగా దేశమంతా పాకాయి.

ఆ కమిషన్లు ఇన్సల్‌ను అదుపు చేయలేకపోయాయి. కంపెనీ మీద కంపెనీ, దాని మీద మరో కంపెనీ పేర్చి, అడుగున ఉన్న కరెంటు కంపెనీ రాబడిని పైకి తోడుకునే నిర్మాణం ఒకటి ఆయన కట్టాడు. రాష్ట్ర కమిషన్‌కు కనిపించేది అట్టడుగు అంతస్తు మాత్రమే. 1932లో ఆ మేడ మొత్తం కూలింది. వాటాలు కొన్న చిన్న మదుపుదారులు లక్షలాది మంది మునిగిపోయారు. ఇన్సల్ గ్రీసు దేశానికి పారిపోయాడు, తీసుకొచ్చి విచారించారు, కోర్టు నిర్దోషి అన్నది. 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం అట్లాంటి కంపెనీల అంతస్తులను కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. 2005లో ఆ చట్టాన్ని రద్దుచేశారు. ఇన్సల్ సామ్రాజ్యం వెలుగుతున్న రోజుల్లో కూడా అమెరికన్ రైతు ఇంట్లో కిరసనాయిలు దీపమే ఉండేదని మరిచిపోరాదు. 1930ల నడుమ దాకా అక్కడి వ్యవసాయ కుటుంబాల్లో పదింట ఒక వంతుకు మాత్రమే కరెంటు ఉంది. పల్లెకు తీగ లాగితే గిట్టదని కంపెనీలు చెప్పాయి. చివరికి ప్రభుత్వ రుణంతో రైతులే సహకార సంఘాలు పెట్టుకుని తీగలు లాగుకోవలసి వచ్చింది.

ఇక మన దేశానికి వద్దాం. 1910 నాటి భారత విద్యుత్ చట్టం ప్రకారం ఒక పట్టణానికి ఒక కంపెనీ లైసెన్సు తీసుకుని కరెంటు అమ్మేది. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఆ తరువాత కొన్ని జిల్లా కేంద్రాలు. గిట్టుబాటు ఉన్నచోట దీపం, లేనిచోట చీకటి. మద్రాసు ప్రభుత్వం నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రాన్ని 1930ల మొదట్లో స్వయంగా కట్టింది. నిజాం రాజ్యంలో 1920 నుంచి హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కేంద్రం ఉండేది. నగరం బయట ఉన్న తెలంగాణ పల్లెకు దానివల్ల ఒరిగింది లేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద ఉన్న ఉత్పత్తి సామర్థ్యం 1,362 మెగావాట్లు. మనిషికి ఏడాదికి 16 యూనిట్లు. ఈనాడు ఒక మధ్యతరగతి ఇంట్లో చలవ యంత్రం రెండు మూడు రాత్రులు నడిస్తే అయ్యే ఖర్చు అది.

ఈ పరిస్థితిని మార్చడానికి వచ్చింది 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం. దీని పునాదులు 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడిగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ కాలంలో పడ్డాయి. విద్యుత్ విధాన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పారిశ్రామికీకరణ లేకుండా పేదరికం పోదని, చౌకగా పుష్కలంగా విద్యుత్తు లేకుండా పారిశ్రామికీకరణ లేదని, లాభం కోసం పనిచేసే సంస్థల చేతిలో అది ఉండరాదని ఆయన వాదన. అంబేద్కర్‌ను స్మరించే సభల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. మన వామపక్ష మిత్రులు సైతం గోయెల్రో ప్రణాళికను, 1920 నాటి సోవియట్ సభను గుర్తుచేసుకున్నంతగా ఆయన విద్యుత్ కృషిని గుర్తుచేసుకోకపోవడం విచిత్రం.

1955లో మాచ్‌ఖండ్ వెలిగింది. ఆంధ్ర, ఒరిస్సా ఉమ్మడి పథకం. దాని కరెంటు విశాఖ, గోదావరి జిల్లాలకు వచ్చింది. దాని జలాశయం కింద పోయినవి గిరిజనుల పొలాలు. ఆ గిరిజన గూడేల్లో చాలాకాలం దీపం లేదు. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. కొత్తగూడెం, సీలేరు, శ్రీశైలం, విజయవాడ — బోర్డు నిర్మించిన కేంద్రాలు ఇవి. లాభనష్టాల లెక్కలో బోర్డు ఏనాడూ గొప్పది కాదు. కాని గిట్టుబాటు చూసుకుని ఉంటే మా ఊరికి తీగ వచ్చేది కాదు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రైవేటీకరణ వాదులు ఏ లెక్కతోనూ కొట్టివేయలేరు.

ఇక్కడ మనం మనల్ని కూడా కొంచెం విమర్శించుకోవాలి.

1980ల మొదట్లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు తీసివేసి హార్స్‌పవర్ లెక్కన శ్లాబు పెట్టారు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చాక హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు అన్న మాట పల్లెపల్లెనా మోగింది. రైతుకు నెలనెలా బిల్లు బెడద తప్పింది, బోర్డుకు పొలం గట్టు మీది మీటరు చదివే ఖర్చు తప్పింది. ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే మీటరు పోయాక రైతు ఎంత కరెంటు వాడుతున్నాడో ఎవరికీ తెలియకుండా పోయింది. ఉత్పత్తి ఎంతో తెలుసు, పట్టణాల్లో అమ్మింది ఎంతో తెలుసు. మిగిలినదంతా రైతు ఖాతాలో రాయడం మొదలయింది. తీగల్లో కారిపోయింది రైతు ఖాతాలోనే. ఫ్యాక్టరీ వెనకగోడ నుంచి దొంగిలించింది కూడా రైతు ఖాతాలోనే. సరఫరా నష్టం ఇరవై శాతం లోపే అని బోర్డు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. 1990ల నడుమ సంస్కరణల కోసం లెక్కలు తిరగరాసేసరికి అది ముప్పై శాతం దాటింది. రాత్రికి రాత్రి తీగలు పాడు కాలేదు. రాష్ట్రం ఖజానాను రైతులు తాగేస్తున్నారని ఇంగ్లీషు పత్రికలు రాస్తున్న కాలంలో, ఆ తాగినదానిలో పెద్ద భాగం దొంగల వాటా అని నిరూపించడానికి మన దగ్గర ఆధారం లేకుండా పోయింది. మీటరు తీసేసిన రోజున చప్పట్లు కొట్టినవాళ్లలో మనమూ ఉన్నాము గనుక.

ఇంకో వాదం కూడా ఉన్నది. ఉచితం, చవక అనేవి ఎక్కువ బావులు, ఎక్కువ మోటార్లు ఉన్న మోతుబరికే ఎక్కువ ఉపయోగపడతాయని. అది నిజం. బావి లేని కౌలుదారుకు, కూలీకి నేరుగా ఒరిగేది లేదు. కాని ఈ నిజాన్ని చెప్పే పెద్దమనుషులు రెండో నిజాన్ని చెప్పరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రైతుకు నీళ్లు ప్రభుత్వం తవ్వించిన కాలవ ద్వారా వస్తాయి. ఆ కాలవ మీద పెట్టిన పెట్టుబడిని ఆయన నుంచి ఎవరూ వసూలు చేయలేదు. చెరువులు పూడిపోయిన తెలంగాణలో, రాయలసీమలో రైతు బావి తవ్వుకోవడానికి తానే అప్పు చేశాడు, బోరు వేసుకున్నాడు, మోటారు కొన్నాడు, కాలిపోయిన మోటారుకు తానే తీగ చుట్టించుకున్నాడు. ప్రభుత్వం నుంచి అతనికి వచ్చిన సాగునీటి సాయం అంటూ ఏదైనా ఉంటే అది కరెంటు రూపంలోనే వచ్చింది. అంచేత విద్యుత్ సబ్సిడీని కాలవ నీటి సబ్సిడీ పక్కన పెట్టి చూడాలి గాని విడిగా చూసి దుబారా అనరాదు.

1991కి వద్దాం. విదేశీ మారకం కొరతతో కేంద్రం చేతులెత్తేసిన ఏడాది అది. ఆ అక్టోబరులో విద్యుత్ ఉత్పత్తిని ప్రైవేటు పెట్టుబడికి, నూటికి నూరుపాళ్లు విదేశీ యాజమాన్యానికి కూడా తెరిచారు. షరతులేమిటంటే, కేంద్రం తన సామర్థ్యంలో 68.5 శాతం మేర పనిచేస్తే చాలు, యజమాని పెట్టిన వాటా ధనం మీద 16 శాతం లాభం గ్యారంటీ. అంతకంటె ఎక్కువ నడిపితే అదనపు బహుమతి. అప్పు మీద వడ్డీ, తరుగుదల, పన్ను — ఇవన్నీ కొనుగోలుదారు భరిస్తాడు. ఇంధనం ధర పెరిగితే అదీ కొనుగోలుదారుదే. రూపాయి విలువ పడిపోతే విదేశీ వాటాదారుకు నష్టం రాకుండా రక్షణ.

లెక్కల పంతులును గనుక ఒక ఊహా ఉదాహరణ వేసి చూపిస్తాను. వంద మెగావాట్ల కేంద్రం ఒకటి 400 కోట్లతో కట్టారనుకోండి. 280 కోట్లు అప్పు, 120 కోట్లు యజమాని వాటా. వాటా మీద 16 శాతం అంటే ఏడాదికి 19 కోట్ల 20 లక్షలు. అప్పు మీద 14 శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది 39 కోట్ల 20 లక్షలు. రెండూ కలిపి 58 కోట్ల 40 లక్షలు. బొగ్గు గాని గ్యాసు గాని ఒక్క గుప్పెడు మండించకముందే కట్టవలసిన సొమ్ము ఇది. 68.5 శాతం నడిస్తే ఏడాదికి 60 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిటుకు సుమారు 97 పైసలు ఈ స్థిరఖర్చు కింద పడుతుంది. మనకు అవసరం లేదని సగమే తీసుకుంటే అదే యూనిటుకు 1 రూపాయి 95 పైసలు అవుతుంది. తీసుకోకపోయినా కట్టాలి.

ఇప్పుడు అదే కేంద్రాన్ని 400 కోట్లకు బదులు 500 కోట్లతో కట్టాడనుకోండి. మామూలు వ్యాపారంలో ఎక్కువ ఖర్చుతో కట్టినవాడు నష్టపోతాడు. ఇక్కడ యజమాని వాటా 150 కోట్లవుతుంది, దాని మీద లాభం 24 కోట్లవుతుంది. ఖర్చు పెంచినకొద్దీ లాభం పెరిగే వ్యాపారం ఇది. ఈ జబ్బును 1962లోనే ఏవర్చ్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు తమ దేశపు నియంత్రిత కంపెనీల సందర్భంలో లెక్కకట్టి చూపారు. వాళ్లు మార్క్సిస్టులు కారు. ఇంత ప్రసిద్ధమైన విషయం 1991లో ఢిల్లీలో కూర్చున్న ఆర్థిక నిపుణులకు తెలియదనుకోవడానికి వీల్లేదు.

వెంటనే పూర్తి చేయవలసిన "శీఘ్ర పథకాలు" అని కేంద్రం ఎనిమిదింటిని ఎంచింది. వాటిలో మూడు మన రాష్ట్రానివే: జేగురుపాడు, కాకినాడ దగ్గరి గోదావరి, విశాఖపట్నం. మొదటి రెండూ గ్యాసు కేంద్రాలు, 1990ల రెండో భాగంలో నడవడం ప్రారంభించాయి. విశాఖది బొగ్గు కేంద్రం, 1,040 మెగావాట్లు. అది ఉత్పత్తి ప్రారంభించింది 2016లో. "శీఘ్రం" అనే మాటకు ప్రభుత్వ నిఘంటువులో అర్థం ఇరవయ్యేళ్లకు పైన అని అప్పుడు తెలిసింది. ఎనిమిదింటిలో ప్రపంచానికంతా తెలిసింది మహారాష్ట్రలోని దభోల్. ఎన్రాన్ కంపెనీతో 1993లో ఒప్పందం. అది ఆర్థికంగా నిలబడదని ప్రపంచబ్యాంకే ఆ ఏడాది చెప్పి, అప్పు ఇవ్వనన్నది. అయినా కట్టారు. 1999లో మొదటి దశ నడిచింది, 2001 మేలో మహారాష్ట్ర బోర్డు ఆ కరెంటు కొనలేక మానేసింది, ఆ డిసెంబరులో ఎన్రాన్ తానే దివాలా తీసింది. దీని గురించి చాలామంది రాశారు గనుక నేను ఆగను.

మన రాష్ట్రంలో సంస్కరణల కథ 1995లో హితేన్ భయ్యా కమిటీ నివేదికతో మొదలవుతుంది. 1998లో శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరి 1న నలభై ఏళ్ల బోర్డును చీల్చి జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండు చేశారు. అదే నెలలో ప్రపంచబ్యాంకు నుంచి మొదటి విడతగా 21 కోట్ల డాలర్ల రుణం మంజూరయింది. మొత్తం 100 కోట్ల డాలర్ల కార్యక్రమం, అయిదు విడతలు. ఒక్కో విడతకు ఒక్కో మెట్టు ఎక్కాలి. పంపిణీని నాలుగు కంపెనీలుగా విడదీయాలి, వాటిని ప్రైవేటుకు అప్పగించాలి, చార్జీలు ఏటేటా పెంచాలి. ధర నిర్ణయించే అధికారం శాసనసభకు జవాబుదారీ అయిన ప్రభుత్వం నుంచి తీసి నియంత్రణ కమిషన్‌కు ఇచ్చారు. ఇన్సల్ 1898లో అడిగినది 1999లో మనకు వాషింగ్టన్ మీదుగా చేరింది.

అప్పటికి ముందు నడిచిన బండి ఒకటి మన కళ్ల ముందే ఉన్నది. ఒరిస్సా 1996లోనే బోర్డును చీల్చింది, 1999లో పంపిణీని ప్రైవేటుకు ఇచ్చింది. ఆ అక్టోబరు తుపానులో స్తంభాలన్నీ నేలకూలాయి. 2001లో అక్కడి అమెరికన్ కంపెనీ చేతులు దులుపుకుని వెళ్లిపోయింది.

2000 మే నెలాఖరులో కమిషన్ మొదటి చార్జీల ఉత్తర్వు ఇచ్చింది. పెంపు ఇంటి దీపం మీద, రైతు శ్లాబు మీద, చిన్న దుకాణం మీద పడింది. జూన్ నుంచి ఆగస్టు దాకా రాష్ట్రంలో జరిగినటువంటి ఆందోళన నేను అంతకుముందు చూడలేదు. ఊళ్లలో బిల్లులు తగలబెట్టారు. సబ్‌స్టేషన్ల ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. కాంగ్రెస్ శాసనసభ్యులు నిరాహారదీక్ష చేశారు. మా పాఠశాలలో ప్రభుత్వ పక్షం యూనియన్ ఉపాధ్యాయుడొకాయన కూడా, పేరు రాయకపోతే చందా ఇస్తానన్నాడు. ఆగస్టు 28న వామపక్షాలు పిలుపిచ్చిన చలో అసెంబ్లీ.

ఆ రోజు నేను బషీర్‌బాగ్ చౌరస్తాకు చేరలేదు. మా జట్టును అంతకు ముందే ఆపేశారు. గుర్రపు పోలీసులు, నీటి ఫిరంగులు, లాఠీలు, ఆ తరువాత తుపాకులు. ముగ్గురు చనిపోయారు. మాకు ఆ వార్త ఒక టీకొట్టు రేడియో ద్వారా తెలిసింది. టీకొట్టు యజమాని రేడియో కట్టేసి, మా దగ్గర డబ్బులు తీసుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు మాలో చాలామందికి యూనిటుకు ఎన్ని పైసలు పెరిగిందో, ఎందుకు పెరిగిందో సరిగ్గా తెలియదు. పెరిగిందని మాత్రమే తెలుసు. తుపాకీ పేల్చినవాడికి కూడా తెలియదు. అతని ఇంటి బిల్లు కూడా పెరిగే ఉంటుంది.

కాల్పుల ఫలితమేమిటి? చార్జీల పెంపు పూర్తిగా రద్దు కాలేదు. కాని ఏటేటా పెంచే పథకం అక్కడ ఆగింది. పంపిణీ కంపెనీలను ప్రైవేటుకు అమ్మడానికి ఏ ప్రభుత్వమూ ధైర్యం చేయలేదు; రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అవి ప్రభుత్వానివిగానే మిగిలాయి. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా పెట్టిన మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద. ఆ సంతకానికి సిరా బషీర్‌బాగ్ నుంచి వచ్చిందని మావాళ్లు అంటారు. కొంత నిజమే. అయితే ఆ సంతకం మీటరు లేని పాత చీకటిని కూడా అట్లాగే ఉంచింది.

ఆ మరుసటి ఏళ్లలో నేను బహిరంగ విచారణలకు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. సంస్కరణల వల్ల ఏదైనా మేలు జరిగిందంటే ఇది ఒక్కటే: కంపెనీలు తమ లెక్కలు బయటపెట్టాలి, ఎవరైనా లేచి ప్రశ్నించవచ్చు. బోర్డు రోజుల్లో ఆ అవకాశం లేదు. విచారణకు వచ్చేవాళ్లలో కోటు తొడుక్కున్న పరిశ్రమల వకీళ్లే ఎక్కువ. ఒకసారి పంచె కట్టుకున్న ముసలి రైతు లేచాడు. చేతిలో కాగితం లేదు. "అయ్యా, మా మోటార్లకు మీటర్లు లేవని మీరే అంటున్నరు. మరి మేము ఇన్ని కోట్ల యూనిట్లు కాల్చినమని మీకెట్ల తెలిసింది?" అన్నాడు. హాల్లో నవ్వులు వినిపించాయి. తరువాత నవ్వు ఆగింది, ఎందుకంటే జవాబు చెప్పవలసిన అధికారి కాగితాలు తిరగేస్తూ ఉండిపోయాడు. నమూనాగా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి రైతుల వాడకాన్ని అంచనా కట్టే పద్ధతి మన రాష్ట్రంలో వచ్చిందంటే, దాని వెనక ఇటువంటి ప్రశ్నలున్నాయి. ఆ విచారణల పత్రాలు చదివి లెక్కలు పట్టుకున్న విశ్రాంత ఇంజనీర్లు, కార్మిక సంఘాలవారు కొద్దిమంది ఉన్నారు. మన రచయితలు ఒక్కరు కూడా అక్కడ నాకు కనబడలేదు.

2003లో కేంద్రం కొత్త విద్యుత్ చట్టం తెచ్చి 1910, 1948 చట్టాలను రద్దుచేసింది. కరెంటు వ్యాపార సరుకయింది. 2008 నుంచి కరెంటు ఎక్స్చేంజీలు నడుస్తున్నాయి. రేపటి రోజును పదిహేనేసి నిమిషాల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు వేలం వేస్తారు. తక్కువ ధర చెప్పినవాడి దగ్గర నుంచి పైకి వరుసగా కొనుక్కుంటూ పోయి, అవసరం తీరేచోట ఆగుతారు. ఆ చివరివాడి ధరే అందరికీ ఇస్తారు. రూపాయిన్నరకు అమ్మగలిగినవాడికి కూడా. సంతలో చివరి వంకాయ కొన్న ధరకే మొదటి వంకాయ కూడా కొన్నట్టు. ఇట్లా చేస్తే ఎవరూ తమ అసలు ఖర్చు దాచుకోరని, సమర్థుడికి ప్రతిఫలం దక్కుతుందని సిద్ధాంతం. సరుకు పుష్కలంగా ఉన్నప్పుడు సిద్ధాంతం బాగానే పనిచేస్తుంది. 2022 మార్చిలో ఎండలు ముదిరి బొగ్గు కొరత వచ్చేసరికి కొన్ని ముక్కల ధర యూనిటుకు 20 రూపాయలకు, అనగా అప్పటి యంత్రం చూపగల గరిష్ఠానికి, పోయింది. ఏప్రిల్ మొదట్లో కేంద్ర కమిషన్ గాభరాపడి 12 రూపాయలకు పరిమితి పెట్టింది. ఆ ఏప్రిల్‌లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిశ్రమలకు కరెంటు సెలవు ప్రకటించింది.

ఆ సెలవు రోజుల్లో గోదావరి, కృష్ణా జిల్లాల్లో వేల కోట్లతో కట్టిన గ్యాసు కేంద్రాలు ఊరికే నిలబడి ఉన్నాయి. కృష్ణా-గోదావరి సముద్రగర్భంలో గ్యాసు అపారంగా ఉందని నమ్మి, బ్యాంకుల అప్పుతో వాటిని కట్టారు. వేమగిరి కేంద్రం 2006 నాటికే సిద్ధమై గ్యాసు కోసం మూడేళ్లు ఎదురుచూసింది. 2009లో డీ6 క్షేత్రం నుంచి గ్యాసు వచ్చింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు పూర్తిగా నిలిచిపోయింది. పెట్టుబడికి దారి చూపేది బజారే అంటారు. ఇక్కడ బజారు వంద కిలోమీటర్ల దూరంలో వరసగా కేంద్రాలు కట్టించి, గొట్టంలో గ్యాసు ఉందో లేదో చూడలేదు. దేశం మొత్తం మీద 34 బొగ్గు కేంద్రాలు, సుమారు 40,000 మెగావాట్లు, అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నాయని 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. ఆ అప్పుల్లో అధికభాగం ప్రభుత్వ రంగ సంస్థలది, అంటే డిపాజిటుదారులది.

యజమాని నష్టపోయే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఒప్పందం ఎంత పవిత్రమో 2019లో తెలిసింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్తును యూనిటుకు 4 రూపాయల 84 పైసల చొప్పున ఇరవై అయిదేళ్లకు కొనడానికి ఒప్పుకున్నది. ఈలోగా ధరలు పడిపోయాయి. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో సౌరవిద్యుత్తు 2 రూపాయల 44 పైసలకు దిగింది. కొత్త ప్రభుత్వం పాత ధరలు తగ్గించబోయింది. పెట్టుబడిదారుల విశ్వాసం దెబ్బతింటుందని కేంద్రం హెచ్చరించింది, విదేశీ రాయబారులు ఉత్తరాలు రాశారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారమే కట్టాలని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రం రీత్యా తీర్పును నేను తప్పుపట్టడం లేదు. రాసిన కాగితానికి విలువ ఉండాలి. గాలి, ఎండ మన భవిష్యత్తు అని కూడా నాకు అనుమానం లేదు. నా ప్రశ్న వేరు. ఇరవై అయిదేళ్ల ధర ముందే రాసుకున్నప్పుడు, బజారులో ధర పడిపోతే నష్టం ప్రజలది అయ్యేటట్టు కాగితం రాసింది ఎవరు? ఆ కాగితాన్ని కమిషన్ ముందు పెట్టిననాడు అభ్యంతరం చెప్పడానికి మనం ఎందరం వెళ్లాం?

2020లో మీటరు మళ్లీ పొలానికి వచ్చింది. మా నాయన ఉంటే నవ్వుకునేవాడు. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగంగా వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టడం మొదలుపెట్టారు. బిల్లు సొమ్ము ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది, రైతు కంపెనీకి కడతాడు అన్నారు. విద్యుత్ సంస్కరణలు చేసిన రాష్ట్రాలు తమ ఉత్పత్తిలో మరో అర శాతం మేర అప్పు తెచ్చుకోవచ్చునని 2021-22 నుంచి కేంద్రం షరతు పెట్టింది. 1999లో వాషింగ్టన్ విడతలుగా ఇచ్చినదాన్ని ఈసారి ఢిల్లీ విడతలుగా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్నది. తెలంగాణ మోటార్లకు మీటర్లు పెట్టబోమని చెప్పి, ఆ మేర అప్పును వదులుకున్నది.

కిందటి వేసవిలో మా ఊరికి వెళ్లినప్పుడు, మా బావి మోటారు ఇప్పుడు చూసుకునే మా అన్న కొడుకు నన్ను అడిగాడు: "బాబాయ్, మీటరు పెట్టనిద్దామా, వద్దా?" లెక్క తెలియాలంటే మీటరు కావాలి, ఆ లెక్క ఎవరి చేతికి పోతుందో చూసుకోకుండా మీటరుకు ఒప్పుకోరాదు. ఈ రెండూ చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టమందాం, నా మోటారుకు తర్వాత" అన్నాడు.